తీసివేత కూడా లెక్కే

మన ఇంజనీరింగ్ వాళ్ళకి కట్టడం అంటే మహా మోజు. ఇంటర్వ్యూలో ఏం బిల్డ్ చేశావని అడుగుతారు గానీ, ఏం తీసేశావని ఎవరూ అడగరు. ఫస్టియర్ సీ ప్రోగ్రామింగ్‌లో మాలాక్ గురించి గంటసేపు చెప్తారు. ఫ్రీ గురించి మాత్రం బెల్లు కొట్టే ముందు ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క రాయడం మానేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. ప్రోగ్రామ్ మొదట్లో బాగానే నడుస్తుంది. తర్వాత మెల్లగా మెమరీ అంతా తినేసి కూర్చుంటుంది.

క్యాన్సర్ గురించి మనం మాట్లాడుకునే పద్ధతిలో కూడా ఇదే పక్షపాతం ఉందని నా అభిప్రాయం. "కణాలు అదుపు లేకుండా పెరిగిపోవడమే క్యాన్సర్" అని స్కూలు పుస్తకం నుంచి వాట్సాప్ ఫార్వర్డ్ దాకా అందరూ చెప్పే మాట. అది అబద్ధం కాదు, కానీ సగమే. రెండో సగం ఏంటంటే, తీసేయాల్సిన వాటిని తీసేయకపోవడం, ఉంచాల్సిన వాటిని తీసేయడం. ఈ రెండో సగం డాక్టర్లకి మాత్రమే సంబంధించింది కాదు. ఇది అర్థమైతే మన చెల్లెళ్ళకి వేయించాల్సిన ఒక టీకా, హైదరాబాద్ కంపెనీలు తయారు చేసే ఒక మాత్ర, మనం చదువుతున్న చదువు, ఈ మూడూ వేరే రకంగా కనిపిస్తాయి. అందుకే ఈ వ్యాసం.

పదో తరగతితోనే బయాలజీకి దణ్ణం పెట్టేసి ఎంపీసీలోకి దూకిన బ్యాచ్ మనది. కాబట్టి మొదటి నుంచే వస్తాను.

గోడ మీద ఎర్ర గీత

మన ఒంట్లో ప్రతి కణం ప్రోటీన్లతోనే పని నడుపుకుంటుంది. ఒక్కో ప్రోటీన్‌కి ఒక్కో ఆయుష్షు. కంటి లెన్స్ మధ్యలో ఉండే క్రిస్టలిన్ ప్రోటీన్లు మనం పుట్టినప్పటి నుంచి పోయేదాకా దాదాపు అవే ఉంటాయి. పీ53 అనే ఇంకో ప్రోటీన్ అయితే ఆరోగ్యంగా ఉన్న కణంలో సుమారు 20 నిమిషాల్లో సగం మాయమైపోతుంది. ఇది అరిగిపోయి పోవడం కాదు. పనిగట్టుకుని పంపించేయడం.

ఎలా పంపిస్తారు? మీ ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసినప్పుడు చూసే ఉంటారు. జేసీబీ రావడానికి ముందు సర్వే వాళ్ళు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో గీత గీసి పోతారు. జేసీబీ నడిపే అతనికి ఏ ఇల్లు ఎవరిదో తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. గీత ఎక్కడుంటే అక్కడ కొట్టడమే.

కణంలో ఆ ఎర్ర రంగు పేరు యుబిక్విటిన్. 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. జేసీబీ పేరు ప్రోటియాజోమ్. పీపాలాంటి ఆకారం. గుర్తు పడ్డ ప్రోటీన్‌ని లోపలికి లాక్కుని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. కూల్చిన ఇటుకల్ని మళ్ళీ కట్టుబడికి వాడుకున్నట్టు, ఆ ముక్కల్లోంచి వచ్చిన అమైనో ఆమ్లాలు కొత్త ప్రోటీన్ల తయారీకి పోతాయి.

రంగు వేసే పని మూడు చేతులు మారుతుంది. ఈ1 అనే ఎంజైమ్ రంగు డబ్బా మూత తీస్తుంది. ఈ2 కుంచె పట్టుకుంటుంది. ఏ గోడ మీద గీయాలో చూపించేది ఈ3. మనిషి కణాల్లో ఈ1లు రెండే. ఈ2లు దాదాపు 40. ఈ3లు మాత్రం 600 పైనే. ఈ అంకెల్లోనే కథంతా ఉంది. డబ్బా మూత తీయడానికి ఇద్దరు చాలు. ఎవరిని తీసేయాలో తేల్చడానికే అంతమంది కావాల్సి వచ్చింది. పైగా గీసిన గీతని చెరిపేసే ఎంజైములు ఇంకో వంద దాకా ఉన్నాయి. అంటే అప్పీలు చేసుకునే ఏర్పాటు కూడా ఉందన్నమాట.

కూల్చడానికి పెట్రోలెందుకు?

ఇది ఎలా కనిపెట్టారన్న కథ మన బ్యాచ్‌కి నచ్చి తీరుతుంది, ఎందుకంటే ఇది ఒక ఇంజనీర్ అడగాల్సిన ప్రశ్నతో మొదలైంది. పొట్టలో పప్పు అరగడానికి, అంటే అందులోని ప్రోటీన్ ముక్కలు కావడానికి, కణం దగ్గరున్న ఇంధనం ఏటీపీ ఖర్చు కానక్కర్లేదు. రాయి కొండ మీద నుంచి కిందికి దొర్లడానికి పెట్రోలు అక్కర్లేనట్టే. కానీ కణం లోపల ప్రోటీన్లు విడిపోవడానికి మాత్రం ఏటీపీ కావాలని 1950ల్లోనే గమనించారు. కిందికి దొర్లే రాయికి పెట్రోలెందుకు?

చాలామంది ఈ ప్రశ్నని పట్టించుకోలేదు. ఆ రోజుల్లో జీవశాస్త్రం అంటే డీఎన్ఏ. ప్రోటీన్లు ఎలా తయారవుతాయన్న దాని మీదే అందరి కళ్ళూ. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఆవ్రామ్ హెర్ష్కో, ఆయన దగ్గర చదివిన ఆరన్ చెహనోవర్, అమెరికాలో ఇర్విన్ రోజ్ మాత్రం కుందేలు రక్తకణాల రసం పెట్టుకుని ఆ ప్రశ్న వెంటే పడ్డారు. 1970ల చివర్లో, 80ల మొదట్లో జవాబు దొరికింది. పెట్రోలు అసలు ఖర్చయ్యేది ఊరికే ముక్కలు చేయడానికి కాదు. గుర్తు పెట్టడానికి, గుర్తున్న దాన్నే విప్పి లోపలికి లాగడానికి. ఒక్క మాటలో చెప్పాలంటే, ఎంపికకి.

ఈ పనికే వాళ్ళకి 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ జవాబే. ఏదో ఒకటి కూల్చడం ఎవరైనా చేస్తారు. సరైన దాన్ని, సరైన టైములో, పక్కదానికి దెబ్బ తగలకుండా తీయడానికే ఖర్చంతా.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

ఇప్పుడు క్యాన్సర్‌కి వద్దాం. ఈ తీసివేత లెక్క మూడు రకాలుగా తప్పుతుంది.

మొదటిది, సర్వేయర్ డ్యూటీకి రాకపోవడం. వీహెచ్ఎల్ అనే ప్రోటీన్ ఒక ఈ3 బృందంలో పనిచేస్తుంది. హిఫ్ అనే ప్రోటీన్‌ని వెతికి పట్టుకుని రంగు వేయడం దాని పని. హిఫ్ అంటే కణంలో ఆక్సిజన్ తక్కువైనప్పుడు మోగే అలారం. ఆక్సిజన్ సరిపడా ఉంటే ఆ అలారం ఎప్పటికప్పుడు నాశనమవుతూ ఉంటుంది. వీహెచ్ఎల్ జన్యువు పాడైతే అలారం ఆగదు. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా కణం "ఊపిరాడట్లేదు, కొత్త రక్తనాళాలు వేయండి" అని అరుస్తూనే ఉంటుంది. కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకంలో చాలావాటికి మూలం ఇదే. ఆక్సిజన్‌ని కణం ఎలా పసిగడుతుందో చెప్పినందుకు విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. ఆ రకం హిఫ్‌ని నేరుగా ఆపే బెల్జుటిఫాన్ అనే మందుకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది.

రెండోది, తీసేయాల్సిన ప్రోటీన్ తన ఇంటి నంబరు చెరిపేసుకోవడం. పెద్దపేగు కణాల్లో బీటా కటెనిన్ అనే ప్రోటీన్ "విడిపో, పెరుగు" అన్న ఆర్డర్ తీసుకెళ్తుంది. ఆర్డర్ అక్కర్లేనప్పుడు ఏపీసీ అనే ప్రోటీన్ ఉన్న ఒక గుంపు దాన్ని పట్టుకుని గుర్తు వేయిస్తుంది. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఏపీసీ పాడైపోవడంతో మొదలవుతాయి. కొన్నింట్లో ఏపీసీ బాగానే ఉంటుంది గానీ, బీటా కటెనిన్ మీద గుర్తు పట్టే చోటే మారిపోతుంది. గోడ ఉంది, సర్వేయర్ ఉన్నాడు, నంబరు మాత్రం కనిపించదు. అంతే, ఆర్డర్ రద్దు కాదు.

మూడోది అన్నిటికన్నా దుర్మార్గమైంది. కాపలావాడి ఇంటి మీదే ఎర్ర గీత గీయించడం. ఇందాక చెప్పిన పీ53 మన కణానికి కాపలాదారు. డీఎన్ఏకి దెబ్బ తగిలితే కణాన్ని ఆపుతుంది, బాగు కాదనుకుంటే చంపేస్తుంది. మామూలు రోజుల్లో అంత కఠినమైన మనిషి డ్యూటీలో ఉంటే కష్టం కాబట్టి, ఎమ్‌డీఎమ్2 అనే ఈ3 దాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తుంది. ఆ ఎమ్‌డీఎమ్2ని తయారు చేయించేది మళ్ళీ పీ53నే. కంట్రోల్ సిస్టమ్స్ చదివిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇది నికార్సైన నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. డీఎన్ఏకి దెబ్బ తగిలినప్పుడు ఈ లూపు తెగి, పీ53 పేరుకుని పనిలోకి దిగుతుంది. కొన్ని క్యాన్సర్లలో ఎమ్‌డీఎమ్2 మోతాదు మించి ఉంటుంది. కాపలాదారులో ఏ లోపమూ ఉండదు, కానీ వచ్చినవాణ్ని వచ్చినట్టే పంపించేస్తారు.

ఇదే ట్రిక్కుని ఒక వైరస్ ఇంకా తెలివిగా వాడుతుంది. దాని పేరు హెచ్‌పీవీ. ఇక్కడి నుంచి విషయం మన ఇళ్ళలోకి వస్తుంది.

ఖమ్మం నేర్పిన పాఠం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు అన్ని కేసుల్లోనూ హెచ్‌పీవీ వల్లే వస్తుంది. అందులో 16, 18 నంబర్ల రకాలే సుమారు 70 శాతానికి కారణం. ఈ వైరస్ తయారు చేసే ఈ6 అనే ప్రోటీన్ (పేరులో ఈ ఉన్నా ఇది ఈ3 కాదు) మన కణంలోనే ఉన్న ఒక ఈ3ని చెయ్యి పట్టుకుని పీ53 దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ ఈ3 మామూలుగా పీ53 జోలికి పోదు. వైరస్ చూపించింది కాబట్టి రంగు పూస్తుంది. మన సర్వేయరే, మన రంగే, మన జేసీబీయే. పోయేది మన కాపలాదారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 1.27 లక్షల మంది మహిళలకి ఈ క్యాన్సర్ కొత్తగా వస్తోంది. 80 వేల మంది దాకా చనిపోతున్నారు. వైరస్ ఒంట్లో చేరకముందే టీకా వేస్తే ఈ కథ మొదలే కాదు. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. ఆ వయసులో ఒక్క డోసు వేసినా రక్షణ ఉంటుందని 2022లో చెప్పింది. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన సెర్వావాక్‌కి మన దేశంలో అదే ఏడాది అనుమతి వచ్చింది.

మరి మన ఇళ్ళలో ఈ టీకా పేరెత్తితే ఎందుకు భయపడతారు? ఆ భయానికి మన దగ్గర ఒక చరిత్ర ఉంది. దాన్ని దాటేసి "అందరూ వేయించుకోండి" అని పోస్టర్ పెట్టడం నాకు ఇష్టం లేదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి వేలాది మంది ఆడపిల్లలకి ఈ టీకా వేసే ప్రాజెక్టు నడిపాయి. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం అయ్యుండే అవకాశం లేదన్నట్టుగానే విచారణ కమిటీ చెప్పింది. కానీ అదే విచారణలో ఇంకో నిజం బయటపడింది. హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న ఎంతోమంది గిరిజన పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ ప్రాజెక్టుని తీవ్రంగా తప్పుపట్టింది.

అంటే టీకాలో కాదు, అడిగే పద్ధతిలో తప్పు జరిగింది. దాని ఫలితం ఏళ్ళ తరబడి టీకా మీద అనుమానంగా మిగిలిపోయింది. భద్రాచలం వైపు ఒక అమ్మకి "ఈ వైరస్ మీ పాప ఒంట్లో కాపలాదారుని తీయించేస్తుందమ్మా, ఈ సూది ఆ వైరస్‌ని రానీయదు" అని ఆమె భాషలో కూర్చోబెట్టి చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే సంతకం తీసుకుని ఉంటే కథ వేరేలా ఉండేది. అర్థం కాని కాగితం మీద వేరేవాళ్ళు పెట్టే సంతకం అనుమతి కాదు. ఈ సంగతి చెప్పకుండా టీకా ప్రచారం చేస్తే జనం నమ్మరు, నమ్మకపోవడం వాళ్ళ తప్పూ కాదు.

అబ్బాయిలూ, ఇది అమ్మాయిల టాపిక్ అని స్క్రోల్ చేసేయకండి. ఆ వైరస్ మోసేది ఇద్దరూ. గొంతు క్యాన్సర్లలో కొన్ని కూడా దీనివల్లే వస్తాయి. ఇంట్లో తొమ్మిది, పదేళ్ళ చెల్లెలో, అక్క కూతురో ఉంటే ఈ విషయం అమ్మానాన్నలతో మాట్లాడాల్సింది మీరు కూడా. మన వయసు వాళ్ళు వేయించుకోవచ్చా అనేది డాక్టర్‌ని అడగొచ్చు. అడగడానికి సిగ్గు పడాల్సిన పనే లేదు.

పెదనాన్న అడిగిన ప్రశ్న

తీసివేత తప్పితే జబ్బు వస్తుందని చూశాం. మరి తీసివేతనే మందుగా వాడితే?

మా పెదనాన్నకి మల్టిపుల్ మైలోమా. ఎముక మూలుగలో ఉండే ప్లాస్మా కణాలకి వచ్చే క్యాన్సర్. ఆయనకి వారానికోసారి బోర్టెజోమిబ్ ఇంజెక్షన్, రోజూ రాత్రి లెనాలిడోమైడ్ మాత్ర, దాంతో పాటు స్టెరాయిడ్. పోయిన సెలవుల్లో ఇంటికెళ్తే అడిగారు, "ఏమ్మా, పెద్ద చదువు చదువుతున్నావుగా, ఈ సూదేం చేస్తుంది, ఈ మాత్రేం చేస్తుంది? అడిగితే డాక్టరుగారు ఇంగ్లీషులో చెప్పారు, నేను తలూపి వచ్చాను."

ప్లాస్మా కణం పని యాంటీబాడీలు తయారు చేయడం. సెకనుకి వేల లెక్కన తయారు చేస్తుంది. ఎంత ఎక్కువ తయారీ ఉంటే అంత ఎక్కువ తుక్కు. కాబట్టి ఆ కణానికి జేసీబీ ఒక్కపూట రాకపోయినా కష్టమే. బోర్టెజోమిబ్ చేసేది అదే, ప్రోటియాజోమ్‌ని కాసేపు ఆపడం. మామూలు కణాలు ఎలాగో నెట్టుకొస్తాయి. మైలోమా కణం తన తుక్కులో తానే ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ మందుకి 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. యుబిక్విటిన్ వాళ్ళకి నోబెల్ రావడానికి ఒక ఏడాది ముందే మందు మార్కెట్లో ఉందన్నమాట.

లెనాలిడోమైడ్ కథ ఇంకా వింత. దాని పెద్దన్న థాలిడోమైడ్. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా వచ్చి, గర్భిణుల వేవిళ్ళకి కూడా వాడిన మందు. కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడని పిల్లలు పదివేల మందికి పైగా పుట్టాక, 1961 చివర్లో వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవని సంతకం పెట్టకపోవడం వల్ల అప్పట్లో అక్కడ అది మార్కెట్‌కే రాలేదు. అలాంటి మందు మైలోమాకి పనిచేస్తుందని 1999లో తెలిసింది. ఎందుకు పనిచేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. 2010లో జపాన్‌లో హిరోషి హాండా బృందం అది సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుందని కనిపెట్టింది. సెరెబ్లాన్ ఎవరనుకున్నారు? ఒక ఈ3 బృందంలో సభ్యుడు. 2014లో రెండు బృందాలు మిగతా సగం చెప్పాయి. లెనాలిడోమైడ్ ఆ సర్వేయర్ కళ్ళజోడు మార్చేస్తుంది. మామూలుగా కనిపించని ఇకారోస్, అయోలోస్ అనే ప్రోటీన్లు కనిపించడం మొదలవుతాయి, వాటికి రంగు పడుతుంది. మైలోమా కణం బతకాలంటే ఆ రెండూ కావాలి. ఆ బృందాల్లో ఒకటి ఇందాక చెప్పిన వీహెచ్ఎల్ కేలిన్ గారిదే. ఇక థాలిడోమైడ్ పిల్లల చేతుల విషయంలో, ఇదే దారిలో శాల్4 అనే ఇంకో ప్రోటీన్ నాశనమవుతుందని 2018లో తేలింది. బిడ్డకి శాపమైందీ, మా పెదనాన్నకి వరమైందీ ఒకటే యంత్రం. రంగు ఏ గోడ మీద పడిందన్నదే తేడా.

ఇదంతా జేసీబీ భాషలోనే ఆయనకి చెప్పాను. కాసేపు ఆలోచించి అన్నారు, "అంటే ఈ మాత్ర తనే చంపదు. చంపేవాడికి ఇల్లు చూపిస్తుంది. సూదేమో ఆ చంపేవాణ్నే కాసేపు కూర్చోబెడుతుంది. మరి రెండూ కలిపి ఎలా ఇస్తారే?"

వ్యవసాయం చేసుకునే మనిషి అడిగిన ఈ ప్రశ్న నేను చదివినవాటిలో కూడా ఉంది. జవాబులో ఒక భాగం ఏంటంటే, సూది జేసీబీని పూర్తిగా ఆపదు, డోసుకీ డోసుకీ మధ్య అది మళ్ళీ పుంజుకుంటుంది. మొత్తం జవాబు అంత చిన్నది కాదు. కానీ ఆయన తలూపి వచ్చింది అర్థంకాక కాదు, ఆయనకి అర్థమయ్యే మాటల్లో ఎవరూ చెప్పక. అర్థమైన రోజు నుంచి మాత్ర ఎందుకు మానకూడదో ఆయనే పెద్దమ్మకి చెప్తున్నారు.

ఆ మాత్ర ధర గురించి కూడా ఒక మాట. లెనాలిడోమైడ్ 2005లో అమెరికాలో రెవ్లిమిడ్ పేరుతో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర 215 డాలర్లు. పెంచుకుంటూ పోయి దాన్ని 763 డాలర్లకి చేర్చారని అక్కడి ప్రతినిధుల సభ కమిటీ విచారణలో బయటపడింది. మందు మారలేదు, అంకె మారింది. అక్కడి మార్కెట్లోకి మొదటి జెనరిక్ 2022 మార్చిలో వెళ్ళింది. తయారు చేసింది హైదరాబాద్ నాట్కో, అమ్మింది టెవా. అదే ఏడాది సెప్టెంబరులో డాక్టర్ రెడ్డీస్ కూడా వెళ్ళింది. పేటెంట్ ఒప్పందాల వల్ల 2026 జనవరి ఆఖరు దాకా ఇంతే అమ్మాలన్న పరిమితులు పెట్టారు. మన దేశంలో 2005 దాకా మందులకి ప్రోడక్ట్ పేటెంట్ లేకపోవడం వల్ల పెరిగిన జెనరిక్ పరిశ్రమ ఇది. కనిపెట్టడం ఎంత గొప్పో, పెదనాన్న లాంటి వాళ్ళకి అందే ధరలో తయారు చేయడం కూడా అంతే గొప్ప. ఈ రెండో పనిలో మన వాళ్ళ చెయ్యి ఉంది. మొదటి పనిలో ఇంకా పెద్ద చెయ్యి ఉండాలన్నదే నా ఆశ.

ఇక్కడ మన పనేంటి?

ఇది చదివి "ఓహో, అయితే క్యాన్సర్‌కి మందు దొరికేసింది" అనుకోకండి. బోర్టెజోమిబ్ రక్త క్యాన్సర్లలో పనిచేసినంతగా గడ్డల క్యాన్సర్లలో పనిచేయలేదు. పెదనాన్నకి అరికాళ్ళు తిమ్మిరెక్కి మండుతుంటాయి, అది ఆ మందు వల్ల వచ్చే ఇబ్బందే. లెనాలిడోమైడ్‌కి కూడా క్యాన్సర్ కణాలు అలవాటు పడిపోతాయి. వాటిలో కొన్ని సెరెబ్లాన్‌నే వదిలించుకుంటాయి. సర్వేయరే లేకపోతే కళ్ళజోడు ఎవరికి పెడతాం?

అయినా దారి మాత్రం తెరుచుకుంది. థాలిడోమైడ్ అనుకోకుండా చేసిన పనిని మనం కావాలని చేయలేమా అని 2001లోనే క్రెయిగ్ క్రూస్, రేమండ్ డెషేస్ బృందాలు వేరే దారిలో చేసి చూపించాయి. ఒక కొసన ఈ3ని పట్టుకునే కొక్కెం, ఇంకో కొసన మనం తీసేయాలనుకున్న ప్రోటీన్‌ని పట్టుకునే కొక్కెం, మధ్యలో తాడు. దీన్ని ప్రొటాక్ అంటారు. మామూలు మందు ప్రోటీన్ పనిచేసే గుంటలో అడ్డంగా కూర్చోవాలి. అలాంటి గుంటే లేని ప్రోటీన్లు చాలా ఉన్నాయి. ప్రొటాక్‌కి గుంటతో పనిలేదు, ఎక్కడో ఒకచోట పట్టు దొరికితే చాలు. పైగా ఒక ప్రోటీన్‌ని అప్పగించి వచ్చి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. 2019 నుంచి ఇలాంటి మందులు మనుషుల మీద పరీక్షల్లో ఉన్నాయి.

ఆ మధ్యలో ఉన్న తాడు ఎంత పొడవుండాలి? పొట్టిదైతే రెండు ప్రోటీన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, పొడవైతే కలవవు. మందు మరీ ఎక్కువేస్తే ఒక్కో కొసకి ఒక్కో అణువు విడివిడిగా అతుక్కుని పనే జరగదు. 600 పైగా ఈ3లు ఉంటే ఇప్పటిదాకా ఎక్కువగా వాడుతున్నది సెరెబ్లాన్, వీహెచ్ఎల్ అనే రెండింటినే. మిగతావాటికి కొక్కేలు ఎవరు చేస్తారు? ఇవి జ్యామితి ప్రశ్నలు, ఆప్టిమైజేషన్ ప్రశ్నలు, సిమ్యులేషన్ ప్రశ్నలు. అంటే మెకానికల్ వాళ్ళవీ, కెమికల్ వాళ్ళవీ, సీఎస్ఈ వాళ్ళవీ. మన మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులన్నీ ఇళ్ళ ధరల అంచనా, టైటానిక్‌లో ఎవరు బతికారన్న అంచనాల దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? ప్రోటీన్ల ఆకారాల డేటా ఉచితంగా నెట్‌లో ఉంది. బైపీసీ వాళ్ళ గోల మనకెందుకు అనుకోవడం మానేస్తే చాలు.

చివరగా తెలుగు గురించి, ఎందుకంటే ఇది సాహిత్య క్లబ్బు పత్రిక. డిగ్రడేషన్ అన్న ఇంగ్లీషు మాటలోనే దిగజారడం అన్న అవమానం ఉంది. మనం తెలుగులో క్షీణత అని రాస్తున్నాం, అది ఇంకా నీరసం. క్షీణించడం అంటే ఎవరూ ఏమీ చేయకుండా తగ్గిపోవడం. ఇక్కడ జరిగేది అది కాదు. 600 మంది వెతికి, ఎంచి, గుర్తు పెట్టి, ఖర్చు పెట్టి చేసే పని ఇది. దీనికి సరైన మాట మనకి ఒకటో తరగతిలోనే నేర్పారు. తీసివేత. కూడిక పక్కనే, దానితో సమానంగా నేర్పారు. దాన్ని "ప్రోటీన్ తీసివేత" అని రాద్దాం. పెదనాన్నకీ అర్థమవుతుంది, పరీక్షలోనూ రాయొచ్చు.

నా మాట నచ్చకపోతే ఇంతకన్నా మంచి మాట పంపండి, వచ్చే సంచికలో వేద్దాం. నచ్చితే మాత్రం ఒక పని చేయండి. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు, ఎవరో ఒకరు డాక్టర్ దగ్గర తలూపి వచ్చిన ఏదో ఒక మందు గురించి చదివి, వాళ్ళకి తెలుగులో చెప్పండి.